గోడవార మట్టి

మా తాళాల బావే లేకపోతే ఈపాటికి నా చిక్కుడు తీగ గోడ దాటి, వాళ్ల మెట్ల దాకా పాకి, గుత్తులు గుత్తులుగా కాస్తూ ఉండేది. ఈ మాట సెలూన్‌వాడికి చెప్పాను, ఇస్త్రీ అతనికి చెప్పాను, పాలపాకెట్లు వేసే ఆమెను నిలబెట్టి మరీ చెప్పాను. అందరూ తలూపారు. "అయ్యో పాపం" అన్నారు. ఒక్కరూ నా పక్కన వచ్చి నిలబడలేదు. కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

తాళాల బావ అంటే నా భార్యకు అన్న. తాళం వేయని వస్తువు మీద ఆయనకు నమ్మకం లేదు. పెరట్లో కుళాయికి తాళం. కరెంటు మీటరు పెట్టెకు తాళం. వరండాలో పెట్టుకునే స్కూటరుకు గొలుసు, ఆ గొలుసుకు తాళం. తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకుని నడుస్తుంటే మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను ఆరో తరగతిలో బడి మానేశాను. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా గుర్తు.

మా రెండిళ్లూ వీపు వీపు ఆనించుకుని ఉంటాయి. మా మామగారు తన స్థలాన్ని రెండు చేసి, ముందు వీధి వైపుది కొడుక్కి, వెనక వీధి వైపుది కూతురికి ఇచ్చి, మధ్యలో దగ్గరుండి ఇటుక గోడ కట్టించి పోయాడు. ఆ గోడకూ మా వంటింటికీ మధ్య ఐదడుగులకు కాస్త తక్కువ సందు ఉండేది. అందులో పాత బకెట్లు, కాలు విరిగిన కుర్చీ, పనికిరాని పైపులు పడుండేవి. ఇరవై ఏళ్లుగా దాన్ని నేను నేల అనుకోలేదు. చెత్త పెట్టుకునే చోటు అనుకున్నాను.

నేను లేత్ మెషీన్ మీద టర్నర్ని. గిర్రున తిరిగే ఇనప కడ్డీకి ఉలి ఆనించి, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం నా పని. పద్నాలుగో ఏట ఆ షెడ్డులోకి వెళ్లాను. మొన్నీమధ్య మా ఓనరు కొత్త మెషీన్ తెప్పించాడు. దానికి బొమ్మ గీసి చూపిస్తే చాలు, అదే చెక్కుకుంటుంది. ఓనరు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, చాలా కష్టపడ్డావు. ఇక విశ్రాంతి తీసుకో" అన్నాడు. విశ్రాంతి అనేది ఎక్కడుంటుందో, ఏ చేత్తో తీసుకోవాలో నాకెవరూ నేర్పలేదు. నా సొంత వెర్నియర్, అంటే కాగితం మందం కూడా కొలిచే ఇనప కొలబద్ద, జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో కూర్చోలేకపోయాను. కూర్చుంటే కాళ్లు వాటంతటవే లేచేవి. తలుపు బందులన్నిటికీ నూనె పెట్టాను. ఫ్యాను దించి ఎక్కించాను, బాగానే ఉన్నదాన్ని మళ్లీ దించాను. కుళాయిలు బిగించాను. కుక్కరు పిడి ఎంత బిగించానంటే మా ఆవిడ దాన్ని తెరవలేక పక్కింటికి పట్టుకెళ్లింది. వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంట్లో బిగించడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలానండీ. నన్ను కూడా బిగించేసి హాయిగా పడుకోండి."

"నేనేం చేశానని?"

"ఏం చేయలేదనే నా గోల. పొద్దుట్నుంచీ ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందు గదిలోకి. మిమ్మల్ని చూసి నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఇదిగో, ఈ కుళ్లిన టమాటాలు వెనక పడేసి రండి. అదొక పని."

పడేసి వచ్చాను. అంత చిన్న పనికి నన్ను వాడుకుంటున్నారని ఆ రోజంతా కుతకుతలాడాను కూడా.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం తోచక సందులోకి వెళ్లి బకెట్లు సర్దుతుంటే, గోడవారగా పచ్చగా ఏదో గుంపుగా కనిపించింది. కలుపు అనుకుని ఒకటి పీకాను. చెయ్యి ముక్కు దగ్గరకు రాగానే ఆగిపోయాను. టమాటా వాసన. కాయ లేదు, పువ్వు లేదు, వేలెడు కూడా లేని మొక్క, దాని ఆకుకే ఆ వాసన! ఇన్నేళ్లూ ఈ వేళ్లకు మెషీన్ నూనె కంపు తప్ప ఇంకోటి అంటలేదు. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. ఆ రోజు పోయింది. నేను పీకిన మొక్కను మళ్లీ అదే కన్నంలో పెట్టి, చుట్టూ మట్టి అదిమి, చెంబుతో నీళ్లు పోసి, అది చచ్చిపోతుందేమోనని చీకటి పడేదాకా అక్కడే గొంతుక్కూచున్నాను. కాళ్లు లేవలేదు. గొంతుక్కూచుని ఉన్నానన్న సంగతి మా ఆవిడ వచ్చి పిలిచేదాకా నాకే తెలియలేదు.

అది బతికింది. దాంతో నాకు పిచ్చి పట్టింది.

కుర్చీ, పైపులు, బకెట్లు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఆ మట్టిలో ఇటుక ముక్కలు, గాజు పెంకులు, మేకులు. షెడ్డులో ఇసుక జల్లించే జల్లెడ అడిగి తెచ్చుకుని, సందు సందంతా మోచెయ్యి లోతు తవ్వి జల్లించాను. నడుం పట్టేసింది. మా ఆవిడ ఏదో మందు రాస్తూ, "షెడ్డులో ఇంత పని చేసుంటే ఓనరు మిమ్మల్ని వదిలేవాడు కాదు" అంది. చేశానా లేదా అని తగాదా పెట్టుకోవలసిందే గానీ, ఆ పూట ఎందుకో మనసు రాలేదు.

బజారు చివర మొక్కలు అమ్మే ఆమె దగ్గర చిక్కుడు గింజలు కొన్నాను.

"ఎంత లోతు పెట్టాలమ్మా?"

"వేలి కణుపు లోతు పెట్టు, చాలు."

"ఎవరి కణుపు? నీదా, నాదా? నాది నీ దానికి ఒకటిన్నర ఉంటుంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అన్నా, ఇంతకుముందు ఎప్పుడైనా ఏదైనా పెంచావా?"

"మీసం."

"అయితే అలాగే వదిలేయ్. అదే వస్తుంది."

నేను వదల్లేదు. ఆమె వేలి కణుపును వెర్నియర్‌తో కొలుచుకుని వచ్చాను. అన్ని గింజలూ ఒకే లోతు, ఒకే దూరం, దారం పట్టి పెట్టాను. మర్నాడు మొలవలేదు. ఆ మర్నాడూ లేదు. ఏమైందోనని ఒక గింజ తవ్వి చూశాను. కాస్త ఉబ్బింది. పూడ్చాను. పక్కది తవ్వాను. లోపల ఏం జరుగుతుందో తెలియకుండా ఎలా ఊరుకుంటాను? లేత్ మీద అయితే ఆపి కొలిచి మళ్లీ తిప్పుతాం. ఇక్కడ ఆపడం ఎక్కడో అర్థం కాలేదు. పొద్దున ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తవ్వి చూస్తే సగం గింజలు కుళ్లిపోయాయి. మళ్లీ కొనడానికి వెళ్తే మొక్కలామె కడుపు పట్టుకుని నవ్వింది.

"మీ ఇంట్లో నిద్రపోయేవాళ్లని కూడా తట్టి లేపి, నిద్ర పట్టిందా అని అడుగుతావా అన్నా?"

రెండోసారి తవ్వలేదు. తవ్వకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకుని సందులో అటూ ఇటూ తిరిగాను. మట్టి పగిలి, వంగిన మెడతో గింజ తొక్కను నెత్తిన పెట్టుకుని మొదటిది పైకి వచ్చినప్పుడు మా ఆవిడను కేకేశాను. వంటింట్లో ఏదో మాడుతున్నా వచ్చి చూసింది.

"ఏదీ?"

"అదిగో!"

"దీనికేనా అంత కేక? పాము కరిచిందనుకున్నాను." అంటూనే వంగి, చీరకుచ్చెళ్లు పైకి పట్టుకుని, అడుగు ఎక్కడ వేయాలా అని చూసుకుంటూ అవతల దాకా నడిచి వచ్చింది. "మీరు ఇంతసేపు ఒక్కచోట కూర్చోవడం పెళ్లిపీటల మీద కూడా చూడలేదు" అంది.

ఇంతవరకు ఎవరి జోలికీ పోలేదు నేను. ఇక్కడి నుంచే తాళాల బావ గొడవ.

చిక్కుడుకు పందిరి కావాలి. గోడకు ఆనించి ఇనప కడ్డీలు నిలబెట్టాను. పని చేసేవాడు ఏదైనా నిలబెడితే నిలువు చూసుకుంటాడు. దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీశాను. నా కడ్డీలు నిలువుగా ఉన్నాయి. గోడ లేదు. పైభాగం అంగుళం పైన మా వైపు వాలి ఉంది. అటు తిరిగి చూస్తే వరస కూడా వంకరే, ఒక చివర కంటే ఇంకో చివర మా వంటింటికి దగ్గరగా ఉంది. ఇన్నేళ్లుగా నా కళ్లెదుట ఉన్న గోడ! నా గుండె ఝల్లుమంది. కోపంతో కాదు, ఆశతో. గోడ సరిగ్గా కడితే, నాదేదో నాకు వస్తే, ఇంకో వరస పడుతుంది. టమాటాల పక్కన వంకాయ పడుతుంది. అప్పటికే నా బుర్రలో ఆ వరసకు దారం పట్టేశాను.

పరుగున లోపలికి వెళ్లి చెప్పాను. మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

"గోడ జోలికి పోకండి."

"ఎందుకూ? మీ అన్నయ్య గోడనా?"

"మా నాన్న గోడ. ఉన్నదాంట్లో బాగానే మొలుస్తున్నాయిగా. వదిలేయండి."

"పుట్టింటి మాట వస్తే నీకు మొగుడు పరాయివాడైపోతాడు."

ఆమె ఏదో అనబోయి, పొయ్యి వైపు తిరిగింది. ఇప్పుడనిపిస్తుంది, అప్పుడే చెప్పి ఉండొచ్చుగా? నోరు తెరవడానికి ఎవరు అడ్డం?

బావ దగ్గరకు వెళ్లేసరికి ఆయన కుళాయి తాళం తీస్తున్నాడు.

"బావా, నీ గోడ నా వైపు వాలింది."

"వయసైంది దానికి. మనం వాలడం లేదూ?"

"వరస కూడా వంకర. నా నేల నీ వైపు వచ్చింది."

ఆయన తాళం చేతిలో పట్టుకుని నా ముఖంలోకి కాసేపు చూశాడు. "ఎవరు చెప్పారు?"

"గుండు చెప్పింది. దానికి నీ నా తేడా లేదు."

"చూడు బావా, నీకు మొక్కల మీద సరదా పుట్టింది. మంచిదే. నీళ్లు కావాలంటే పైపు వేసుకో, తాళంచెవి ఇస్తాను. గోడ గోల మాత్రం వద్దు. ఊరుకో."

ఆయన తాళంచెవి ఇస్తాననడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తప్పు చేసినవాడు కాకపోతే అంత ధారాళం ఎందుకు వస్తుంది? నాకు అనుమానం రూఢి అయింది.

"కొలిపిద్దాం" అన్నాను.

"వద్దన్నానా?"

"భయమా?"

"ఆరో తరగతి లెక్కలతో నన్ను భయపెడతావా? వెళ్లు బావా, వెళ్లి మొక్కలకు నీళ్లు పోసుకో."

ఆ ఆరో తరగతే నన్ను కాల్చింది. అక్కడి నుంచి సరాసరి సెలూన్‌కు వెళ్లి, సగం గడ్డం గీయించుకున్న మనిషి కుర్చీలో ఉండగానే, మా బావ చెల్లెలి నేల మింగాడని చెప్పాను. ఇస్త్రీ బండి దగ్గర చెప్పాను. బావ గేటు ముందు నిలబడి, లోపలికి వినపడేట్టు, "ఇన్ని తాళాలు ఎందుకో ఇప్పుడు తెలిసింది! దొంగకే కదా దొంగల భయం!" అన్నాను. కిటికీ రెక్క మూసుకుంది. నాకు బాగా అనిపించింది. ఇంటికి వచ్చి మొక్కల్ని చూసుకుని, మళ్లీ వీధిలోకి వెళ్లి, మళ్లీ వచ్చి చూసుకున్నాను. చిక్కుడు కొసలు కడ్డీల్ని వెతుక్కుంటూ గాలిలో ఊగుతున్నాయి. తాకితే చాలు, చుట్టేసుకునేట్టున్నాయి.

కొలతలాయన్ని నేనే పిలుచుకొచ్చాను. సన్నటి మనిషి, భుజాన సంచి, అందులో పొడవాటి టేపు. స్థలం మూలరాయి ముందు వీధిలో, బావ గేటు పక్కన ఉంది. బావ వంతు అక్కడి నుంచి నలభై అడుగులు. ఆ పైది మాది. అంటే, ఆయన మా నేల మింగి ఉంటే, నలభై అంకె గోడ దాకా రాకుండా ఆయన పెరట్లోనే ఆగిపోవాలి. లెక్క అంత సులువు.

బావ మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన కొడుకు, కోడలు గుమ్మంలో నిలబడ్డారు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. నేను పిలిచినవాళ్లే.

కొలతలాయన పక్క సందులోంచి కొలుచుకుంటూ గోడ దాకా వచ్చి, "నలభై ఇంకా రాలేదండీ" అన్నాడు. "గోడ అడుగున వాననీళ్ల తూము ఉందిగా, అందులోంచి టేపు దూరుస్తాను. మీరు అటు వెళ్లి పట్టుకోండి."

నేను చుట్టు తిరిగి, మా ఇంట్లోంచి సందులోకి వచ్చాను. తూములోంచి టేపు నాలుక నా టమాటాల మధ్యకు వచ్చింది. రాకూడదు. వచ్చింది.

"అందిందా?"

"అందింది. కానీ మీ టేపు ఉయ్యాలలా వేలాడుతోంది. బిగించి పట్టండి. ఇలా కొలిస్తే తేడా వస్తుంది" అన్నాను. టేపు వదులుగా కనిపిస్తే నేను ఊరుకోలేను, అది నా చావు కొలతే అయినా. ఆయన అటు బిగించాడు, నేను ఇటు లాగాను. నలభై అంకె టమాటాలు దాటింది. చిక్కుడు పాదులు దాటింది. వంటింటి గోడకు అడుగున్నర కూడా లేని దూరంలో ఆగింది.

"నలభై ఎక్కడ పడిందో అక్కడ మేకు దించండి!" అని అరిచాడు అటు నుంచి.

మేకు నా చేత్తోనే దించాను. నిలువుగా దించాను.

గోడ అవతల అడుగుల చప్పుడు, చెవుల గుత్తి చప్పుడు. బావ తల గోడ మీదుగా కనిపించింది. ఇటు మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నే జరిపించాడు" అంది, నాతో కాదు, మేకుతో అన్నట్టు. "దాని వంటింటికి గాలి రావాలిరా, గోడ మూడడుగులు నీ వైపు జరుపుతున్నాను, నువ్వు అడక్కు అని అన్నయ్యతో చెప్పాడు. అన్నయ్య సరేనన్నాడు."

"నీకు తెలుసా?" అని బావను అడిగాను.

"తెలుసు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదు?"

"నాన్న అడక్కన్నాడు గనక. చచ్చేదాకా అడిగేవాణ్ని కాదు. వద్దు, ఊరుకో అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను." ఆయన గోడ మీద చెయ్యి వేశాడు. "నన్ను వీధిలో నిలబెట్టి దొంగ అన్నావు బావా. నా కోడలు వింది. ఇప్పుడు ఊళ్లోవాళ్లందరి ముందూ కొలిపించావు. ఇప్పటికీ ఊరుకుంటే నన్ను దొంగనే కాదు, వెర్రివెధవ అని కూడా అంటారు. గోడ జరిపిస్తాను."

"అన్నయ్యా" అంది మా ఆవిడ.

ఆయన చిక్కుడు పాదుల వైపు చూశాడు. అప్పుడే అక్కడక్కడా ఊదారంగు పూత కనిపిస్తోంది. "సరే. ఈ కాపు కోసుకోండి. అప్పటిదాకా ఆగుతాను."

ఒప్పుకుని ఉండాల్సిందని ఇప్పుడు అందరూ అంటారు. నాన్న దయ, అన్న దయ, చెల్లెలి దయ. నా మట్టి అనుకున్నది ఎవరెవరో జాలిపడి వదిలేసిన మట్టి అని తెలిశాక, ఆ పూట నా నోట సరేనన్న మాట ఎలా వస్తుంది?

"నీ దయ నాకు అక్కర్లేదు. రేపే కట్టుకో" అన్నాను.

ఆ సాయంత్రమంతా సందులోకి వెళ్లడం, రావడం. ఒకసారి పైపు తెచ్చి నీళ్లు పోశాను. రేపు పోయేవాటికి నీళ్లెందుకని ఆపాను. మళ్లీ వెళ్లి మిగతావాటికీ పోశాను, కొన్నిటికి పోసి కొన్నిటికి మానడం ఏమిటని.

మర్నాడు పొద్దున గోడ అవతల గునపం మోగింది. నేను చుట్టు తిరిగి పరిగెత్తాను. బావ గేటుకు తాళం. బయటి నుంచే కమ్మీలు పట్టుకున్నాను.

"బావా! పూత మీద ఉన్నాయి బావా. కాపు దాకా అన్నావుగా. కాపు కూడా వద్దు, పిందె పట్టేదాకా ఆగు."

నా జన్మలో ఎవర్నీ అడగలేదు నేను. ఓనరును కూడా అడగలేదు.

ఆయన తాళం తీస్తూ నావైపు చూడలేదు. "నిన్న నువ్వే వద్దన్నావు. మేస్త్రీని పెట్టేశాను. ఇవాళ కాదంటే ఇంకో పనికి పోతాడు, మళ్లీ దొరకడు. నిన్న ఆ మాట అని ఉంటే..." అంటుండగానే వెనక ఇటుకలు దొర్లిన చప్పుడు.

నేను తిరిగి వచ్చేసరికి గోడ పైవరసలు నా వైపే కూలాయి. వాలిన గోడ ఎటు కూలుతుంది మరి! మా ఆవిడ చీర చెంగు బొడ్లో దోపుకుని, ఇటుకల మధ్యనుంచి మొక్కల్ని చేతులతో తవ్వి తీస్తోంది. ఇద్దరం తీశాం. చిక్కుడు వేళ్లు తెగిపోయాయి, సాయంత్రానికి తలలు వేలాడేశాయి. టమాటాలు కొన్ని దక్కాయి. షెడ్డు నుంచి ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి, అడుగున చిల్లులు వేసి వాటిలో పెట్టాను.

కొత్త గోడకు గుండు వేసి చూశాను. తప్పు దొరుకుతుందేమోనని పైనా, మధ్యలో, చివర్లలో చూశాను. దొరకలేదు. అటు నుంచి బావ, "ఎలా ఉంది?" అని అడిగాడు. "నిలువుగానే ఉంది" అన్నాను. అంతకు మించి మా మధ్య మాటల్లేవు.

ఇప్పుడు నా డబ్బాలు ముందు మెట్ల మీద ఉంటాయి. పొద్దున ఎండ పై మెట్టు మీద పడుతుంది, తర్వాత కింది మెట్టుకు దిగుతుంది, మధ్యాహ్నానికి కిటికీ కిందకు పోతుంది. దానివెంట డబ్బాలు మోసుకుంటూ నేను. "మళ్లీ మొదలెట్టారా తిరుగుడు?" అంటుంది మా ఆవిడ. అంటూనే రెండో డబ్బా తను ఎత్తుకుంటుంది. చిన్న కాయలు రెండు పట్టాయి. వేలితో తాకి చూడను, వాసన మాత్రం చూస్తాను.

బావ ఆ కొత్త జాగాలో స్కూటరు పెట్టుకున్నాడు. గొలుసు వేసి, తాళం వేశాడు. దాని ఇంజను నూనె కారుతుంది. డాబా మీదకు ఎక్కితే కనిపిస్తుంది, నేను జల్లించిన మట్టి మీద నల్లటి మచ్చ. రోజూ కాస్త కాస్త పెద్దదవుతోంది. అదేం మట్టో తెలుసా? గుప్పిట పట్టి వదిలితే వేళ్ల సందుల్లోంచి పిండిలా రాలేది. అందులో ఒక్క మేకు ముక్క లేదు, ఒక్క గాజు పెంకు లేదు.

కొలతలాయన మూడడుగుల నాలుగు అంగుళాలని రాసిచ్చాడు. అది తప్పు. గోడ లేచాక నా సొంత టేపుతో, బిగించి పట్టి, నేను కొలుచుకున్నాను. పోయిన నేల పొడవు పంతొమ్మిది అడుగులు, వెడల్పు మూడడుగుల మూడుంబావు అంగుళాలు.